కాటాకు వేసే ముందు ఒక్కసారి మూత తీసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10 గడువు ముగిసింది కాబట్టి పాత కంప్యూటర్లు మార్చుకోవడం మంచిదంటూ మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. అందులో తప్పేమీ లేదు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసిన మాట నిజం. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్, ఆ తర్వాతి ప్రాసెసర్లే పనికొస్తాయి. అదీ నిజమే. కానీ మా బజారుకు చేరేసరికి ఆ వార్త "పాత సిస్టమ్‌లు ఇక పనిచేయవంట" అయి కూర్చుంది. మా పక్క ఆఫీసువాళ్లు ఆరో జనరేషన్ ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌ని, నిక్షేపంలా నడుస్తున్నదాన్ని, పాత సామాన్ల బండికి కిలోల లెక్కన వేసేశారు. అదీ హార్డ్ డిస్క్‌తో సహా. బండి సందు తిరిగి వెళ్లిపోయాక నాకు తెలిసింది.

నేను తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతాను. శుభలేఖలు, గుడి కరపత్రాలు, కోర్టు కాగితాలు, కవిగార్ల పుస్తకాలు, ఏది వస్తే అది చేస్తాం. నేను కంప్యూటర్ ఇంజినీర్‌ని కాదు. సిస్టమ్ ఆగితే ఆ రోజు గల్లాపెట్టె కూడా ఆగుతుంది కాబట్టి మూత తీయడం నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ మా షాపులో ఒక మూల విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉంది. దానికి నెట్ లేదు, ఇవ్వను కూడా. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే నీళ్లొదిలేసింది. అయినా నేను వదలకపోవడానికి కారణం పేజీలు అమర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్, అందులో తెలుగు కొట్టడానికి వాడే అను ఫాంట్లు.

ఈ రంగంలో లేనివాళ్లకు ఇది కాస్త చెప్పాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అదే ఆఖరిది. ఆ తర్వాత దాన్ని తయారుచేసే అడోబీ కంపెనీ ఇన్‌డిజైన్ అనే కొత్త ప్రోగ్రామ్ వైపు వెళ్లిపోయింది. మన దగ్గర మాత్రం ఊరూరా చిన్న ప్రెస్సులన్నీ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ మీదే నడిచాయి, కొన్ని ఇంకా నడుస్తున్నాయి. ఆ పాత ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో అంతటా ఒకేలా కనబడే తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో తలకట్టులు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టిన ఫాంటు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు కనబడతాయి. కాబట్టి ఒక పాత డబ్బా పోయిందంటే ఫైలుతో పాటు దాన్ని చదివే కళ్లు కూడా పోయినట్టే. మన ఊళ్ల చరిత్రలు, కులసంఘాల సంచికలు, అచ్చయి రెండో ముద్రణకు నోచుకోని పుస్తకాలు ఎన్నో ఈ డబ్బాల్లోనే ఉండిపోయాయి.

ఇటీవల ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. తమ ఊరి చరిత్ర రాసుకున్న పుస్తకం మళ్లీ వేయించాలని. నాలుగు కబుర్లయ్యాక, "అమ్మాయ్, ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. ఎటూ పాత సామాన్లకు వేసేస్తున్నా. మౌసూ కీబోర్డూ నీకు పనికొస్తే ఉంచుకో" అన్నారు.

"అలాగేనండీ. పుస్తకం ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారా?" అన్నాను.

"ఫైలా? అది ఆ కంప్యూటర్లోనే కదమ్మా ఉంది."

ఆ సాయంత్రమే ఆటోలో దాన్ని తెప్పించాను. కోర్ 2 డ్యుయో, రెండు జీబీ ర్యామ్, విండోస్ 7. బటన్ నొక్కితే ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది.

ఇలాంటప్పుడు ఏది ముందు చూడాలో చెబుతాను. ఇది గొప్ప విద్యేమీ కాదు, ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది తర్వాత, అంతే. మొదట యూపీఎస్ తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టాలి. సిస్టమ్ చచ్చిందని తెచ్చేవాటిలో చచ్చింది యూపీఎస్ బ్యాటరీయే అయిన సందర్భాలు బోలెడు. ఇక్కడ అది కాదు. తర్వాత డీవీడీ డ్రైవ్, హార్డ్ డిస్క్, అదనపు కార్డులు అన్నీ పీకేసి, బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ ముక్క మాత్రమే ఉంచి చూశాను. అదే తంతు. ముందున్న బటన్ ఇరుక్కుపోయిందేమోనని దాని వైరు బోర్డు మీద నుంచి తీసేసి, ఆ రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ కొస తాకించాను. మార్పు లేదు. అంటే బటన్ తప్పు కాదు.

అప్పుడు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా మీదకు వెళ్లాను. పసుపు వైరు మీద 12 వోల్టులు రావాలి. ఐదు శాతం అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, అంటే 11.4కు తగ్గకూడదు. ఎర్ర వైరు మీద 5, నారింజ వైరు మీద 3.3. మీటర్ పెట్టి చూస్తే పసుపు వైరు 11 కూడా అందుకోకుండానే పడిపోతోంది. ఇంకో చచ్చిన సిస్టమ్ నుంచి పీకి దాచుకున్న ఎస్‌ఎంపీఎస్ తగిలించాను. ఫ్యాను ఆగకుండా తిరిగింది. కానీ తెర నల్లగానే ఉంది, లోపలి నుంచి ఒకటే కూత, ఆగి ఆగి పొడుగ్గా.

ఆ కూతంటే జనానికి టెన్షన్. నాకు మాత్రం అది వినబడితే ప్రాణం లేచొస్తుంది. కూస్తోందంటే బోర్డు బతికుందని, తనకేది దొరకడం లేదో చెబుతోందని. కూతల లెక్క ఒక్కో బయోస్‌కు, అంటే ఆన్ చేయగానే బోర్డులో ముందు నడిచే ప్రోగ్రామ్‌కు, ఒక్కో రకం. అయినా పాత సిస్టమ్‌లలో ఇలా పొడుగ్గా కూస్తూనే ఉంటే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌నే. కరెంటు తీసేసి, ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగు కాళ్లను బడిపిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాను. తెర వెలిగింది.

వెలిగింది కానీ తారీఖు 2009 జనవరి చూపిస్తూ ఎఫ్1 నొక్కమంది. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాని గురించి ఇక్కడో మాట. బ్యాంకు సైట్లు తెరుచుకోవడం లేదు, ప్రభుత్వ సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటున్నాయి, విండోస్ మొత్తం తీసి కొత్తగా వేయాలేమో అని వచ్చేవాళ్లలో కొందరి జబ్బు ఇదే. సిస్టమ్‌లో తారీఖు పాతదైతే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లనట్టు కనబడుతుంది. వాచీల షాపులో దొరికే బ్యాటరీ మార్చి తారీఖు సరిచేస్తే సరిపోయేదానికి ఫార్మాట్ కొట్టి డబ్బులు తీసుకున్న సంగతులు నాకు తెలుసు.

ఇక మాస్టారి హార్డ్ డిస్క్ తగిలించాను. విండోస్ బొమ్మ వచ్చింది, చాలాసేపు తిరిగింది, నీలం తెర పడింది. మళ్లీ ఆన్ చేస్తే డిస్కు చెక్ చేస్తానంది. ఇక్కడే ఆగాలి. చాలామంది "సరే, చెయ్" అని వదిలేస్తారు. డిస్కు అరిగిపోతున్నప్పుడు రిపేరు మొదలుపెడితే ఉన్న ఫైళ్లకే ఎసరు రావచ్చు. ముందు కాపీ, ఆ తర్వాతే వైద్యం. డిస్కు బయటికి తీసి, సాటా-యూఎస్‌బీ కన్వర్టర్‌తో నా సిస్టమ్‌కి తగిలించి, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌లో (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత సిస్టమ్) తెరిచాను. డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. అది చదవగలిగిన భాగాలన్నీ ముందు గబగబా తీసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. రాత్రంతా దాన్ని దాని మానాన వదిలేశాను.

పీఎండీ ఫైళ్లన్నీ, అంటే పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ, వచ్చాయి. వాటితో పాటు ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీసుకున్నాను, ఎందుకో పైన చెప్పాను కదా. ఫొటోల దగ్గర కొంత దెబ్బ తగిలింది. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మ పెట్టేటప్పుడు దాన్ని ఫైల్లోనే కలపాలా అని అడుగుతుంది. వద్దంటే ఫలానా ఫోల్డర్లో ఉందని గుర్తు మాత్రమే రాసుకుంటుంది. అప్పట్లో టైపు చేసినవాళ్లు ఫైలు బరువెక్కకుండా వద్దనే నొక్కారు. ఆ ఫొటోల ఫోల్డర్లో కొన్ని బొమ్మలు సగం వరకే తెరుచుకున్నాయి. పాత ఊరిచెరువు గట్టు ఫొటో ఒకటి అచ్చు పుస్తకం నుంచే మళ్లీ స్కాన్ చేయాల్సి వచ్చింది. డీటీపీ చేయించుకునే రచయితలందరికీ నా మనవి: పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని సంతోషపడకండి. అను ఫాంట్ల పీడీఎఫ్ చూడటానికి చక్కగా ఉంటుంది కానీ అందులోంచి అక్షరాలు కాపీ చేస్తే మళ్లీ ఆ ఇంగ్లిష్ గోలే వస్తుంది. అసలు ఫైలు, ఫాంట్లు, ఫొటోలు మూడూ అడిగి తీసుకోండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అక్కడక్కడా ఒత్తులు తారుమారవుతాయి, ప్రూఫ్ చూసుకోక తప్పదు.

మదర్‌బోర్డు పోయిందన్న షాపువాళ్ల గురించి. టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ పక్కన రెండు కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. అంటే ఆ బోర్డు కూడా చివరి దశలోనే ఉంది. వాళ్లు చెప్పినది పూర్తిగా అబద్ధమని అనను. కానీ మూతకున్న స్క్రూల మీది దుమ్ము కూడా కదలలేదు. చూడకుండా చెప్పారు. బోర్డు పోయిందన్నవాళ్లు అందులోని ఫైళ్ల సంగతేమిటని మాస్టారిని ఒక్క మాట అడగలేదు, నాకు కోపమొచ్చింది అక్కడ. బోర్డు పోతే డిస్కు పోదు. ఎస్‌ఎంపీఎస్ పోయినంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. తెర నల్లబడితే డిస్కు పోదు. ఈ మూడు ముక్కలు తెలియక ఎంతమంది పిల్లల చిన్నప్పటి ఫొటోలు పారేసుకుంటున్నారో.

అయితే ఆ షాపు కుర్రాళ్లనే తిట్టి లాభం లేదు. అద్దె, కరెంటు బిల్లు వాళ్లకూ ఉన్నాయి. అరగంట కూర్చుని ర్యామ్ శుభ్రం చేసి బాగుచేస్తే మనం ఎంతిస్తాం? "తుడిచినందుకు డబ్బులా?" అంటాం. అదే కొత్త బోర్డు వేస్తే నోరు మెదపకుండా వేలకు వేలు ఇస్తాం. చూపుకు విలువ కట్టకుండా సామానుకు మాత్రమే కట్టినంత కాలం వాళ్లు సామాన్లే అమ్ముతారు. డాక్టరు దగ్గర మందు రాయకపోయినా ఫీజు ఇస్తున్నాం కదా! చూసినందుకు ఇంత అని ముందే మాట్లాడుకుని, ఏమేం పరీక్షించారో కాగితం మీద రాసివ్వమని, మార్చిన పాత భాగం తిరిగివ్వమని అడిగితే ఇద్దరికీ మర్యాద.

ప్రతి పాత డబ్బానూ కాపాడమని నేను అనడం లేదు. మాస్టారి సిస్టమ్‌కి ఇంకో పైసా పెట్టొద్దని నేనే చెప్పాను. పెంటియం 4 కాలం నాటివి కరెంటు తాగుతాయి, వేడెక్కుతాయి, ఇప్పటి బ్రౌజర్ ఒక్కటి తెరిస్తేనే ఆయాసపడతాయి. వాటిలో డిస్కు తీసుకుని మిగతాది వదిలేయడమే మేలు. కానీ మూడో జనరేషన్ నుంచి ఏడో జనరేషన్ దాకా ఉన్న ఐ3, ఐ5లను కాటాకు వేయడం పాపం. పాత తిరిగే డిస్కు స్థానంలో తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాసి, ఫ్యాను దుమ్ము దులిపి, లినక్స్ మింట్ వేస్తే ఇంటర్ చదివే పిల్లకు హాయిగా సరిపోతుంది. లినక్స్‌తో ఇబ్బందులు లేవని కాదు. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర పరికరాలు వాడే మాలాంటి సెంటర్లకు విండోస్ లేకపోతే పని తెమలదు. అలాంటివాళ్లు 2026 అక్టోబర్ దాకా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇస్తున్న ఏడాది పొడిగింపులో చేరి, ఈలోగా ఏం చేయాలో నిదానంగా ఆలోచించుకోవచ్చు. పొడిగింపు కూడా లేని సిస్టమ్‌లో మాత్రం బ్యాంకు పనులు వద్దు.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు ఒక హెచ్చరిక. సీపీయూ మూత తీయండి, కరెంటు తీశాకే తీయండి. కానీ లోపలున్న ఎస్‌ఎంపీఎస్ డబ్బా స్క్రూలు మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా దాని పెద్ద కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల దాకా నిలవుండొచ్చు. పాత టీవీల్లాంటి గాజు మానిటర్ అయితే అసలు ముట్టుకోవద్దు. వోల్టేజీ సంగతి అలా ఉంచితే, దాని గాజులో సీసం కూడా ఉంటుంది.

సీసం అన్నాను కాబట్టి కాటాకు వెళ్లాక ఏమవుతుందో కూడా అనుకుందాం. రాగి కోసం వైర్లు తగలబెడతారు, ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసేవాళ్లు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2022లో కొత్తగా వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలే వాటి రీసైక్లింగ్ బాధ్యత చూడాలని అందులో ఉంది. పెద్ద వాడకందారులు రిజిస్టరయిన సంస్థలకే ఇవ్వాలనీ ఉంది. పెద్ద వాడకందారు అంటే ఆ జాబితాలోని వస్తువులు కనీసం వెయ్యి వాడేవాళ్లు. మా షాపులో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాలాంటి సెంటర్లు, ఇళ్లు, చిన్న బళ్లు ఎక్కడికి వెళ్లాలి? రిజిస్టరయిన రీసైక్లర్ ఎవరైనా ఒక్క డబ్బా కోసం తెనాలి దాకా వస్తాడా? రాడు. అందుకే ఆ బండి వస్తుంది. బండివాడి తప్పు కూడా కాదు, వీధిలోకి వచ్చేది అతనొక్కడే. మున్సిపాలిటీ నెలకో రోజు పెట్టి, ఆఫీసు ఆవరణలోనే ఈ సామాన్లు తీసుకుని రీసైక్లర్‌కు అప్పగిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇచ్చేముందు డిస్కు తీసుకోవడం మరవకండి. మాలాంటి సెంటర్ల డిస్కుల్లో ఊరందరి ఆధార్ కాపీలు, పొలం దస్తావేజులు, పెళ్లి సంబంధాల బయోడేటాలు ఉంటాయి. డిలీట్ కొట్టినా, క్విక్ ఫార్మాట్ చేసినా అవి పోవు, తీసేవాళ్లకు తిరిగి వస్తాయి. డిస్కు మొత్తం మీద సున్నాలు రాసే ప్రోగ్రామ్‌తో తుడిపించాలి, లేదంటే డ్రిల్లుతో పళ్లాల గుండా చిల్లులు పొడవాలి. నేను వడ్రంగి అబ్బాయితో రెండో పనే చేయిస్తాను.

మా దగ్గర్లో ఒక బడిలో కంప్యూటర్ గదికి తాళం పడి చాలాకాలమైంది. లోపల సిస్టమ్‌లన్నీ ఒకే మోడల్‌వి, గుడ్డలు కప్పి ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి, దాని ఎస్‌ఎంపీఎస్ మరోదానికి వేసి చూస్తే వాటిలో కొన్నయినా లేస్తాయి. హెడ్‌మాస్టరు గారిని అడిగితే, "స్టాకు రిజిస్టరులో ఒక్కోదానికి ఒక్కో నంబరుందమ్మా, భాగాలు మార్చానంటే రేపు ఆడిట్‌కు నేను సమాధానం చెప్పాలి" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. పాడైన సిస్టమ్‌ల భాగాలు కలిపి పనిచేసేవి చేసుకోవచ్చని, మిగిలినవి ఇలా రాసి తీసేయొచ్చని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఊళ్లో ఈ పని తెలిసినవాళ్లం ఒక ఆదివారం వెళ్లి ఉచితంగా చేసిపెడతాం.

చివరిగా మీకో విన్నపం. గుంటూరు జిల్లాలో ఈ-వ్యర్థాలు తీసుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన సంస్థలు ఏవి, వాటి సేకరణ కేంద్రాలు ఎక్కడున్నాయో మీ విలేకరి చేత కనుక్కుని జిల్లా పేజీలో ఒక బాక్సు కట్టి వేయండి. కత్తిరించి మా షాపు గోడకు అంటిస్తాను, అడిగినవాళ్లకు చూపించడానికి.

నా పేరు వేయొద్దు. ఆ రిపేరు షాపువాళ్లు రేపు నా దగ్గరికే విజిటింగ్ కార్డులకు వస్తారు.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
తెనాలి